దంత ఎక్స్‌రే: పద్ధతులు, జబ్బును బట్టి ఎంపిక

పళ్లను, వాటిని పట్టి ఉంచే దవడ ఎముకను, పై దవడను ఆనుకుని ఉన్న సైనస్ గదులను, చెవి ముందున్న దవడ కీలును ఎక్స్ కిరణాలతో చిత్రించడాన్ని దంత ఎక్స్‌రే అంటారు. నోరు తెరిచి చూసే వైద్యుడికి పంటి పైభాగం, చిగురు మాత్రమే కనిపిస్తాయి. పంటి వేర్లు, వాటి చుట్టూ ఉన్న ఎముక, పక్కపక్క పళ్లు ఒరుసుకునే గోడలు, ఎముకలో ఇరుక్కుపోయిన జ్ఞానదంతం కంటికి ఆనవు. ఆ లోటును ఎక్స్‌రే తీరుస్తుంది. అయితే అన్ని ఎక్స్‌రేలూ అన్నిటినీ చూపవు. వాడుకలో ఉన్న పద్ధతుల్లో ప్రతిదానికీ బాగా కనబడే చోటు ఒకటి, అసలు కనబడని చోటు ఒకటి ఉంటాయి. అందుకే ముందు నోటి పరీక్ష చేసి, తెలియాల్సింది ఏమిటో తేల్చుకుని, దానికి జవాబిచ్చే అతి చిన్న చిత్రంతో మొదలుపెట్టడం ఈ శాస్త్రంలో స్థిరపడిన పద్ధతి.

హైదరాబాద్ తూర్పు భాగంలోని చంపాపేట్, కర్మన్‌ఘాట్, సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో పళ్ల డాక్టర్ల చీటీల మీద తరచుగా కనిపించే పేర్లు మూడు: ఆర్‌వీజీ (నోట్లో సెన్సర్ పెట్టి తీసే డిజిటల్ చిత్రం), ఓపీజీ (రెండు దవడలనూ పరిచి చూపే పనోరమిక్ చిత్రం), సీబీసీటీ (మూడు కొలతల స్కాన్). ఈ వ్యాసంలో వీటినే ప్రధానంగా వివరిస్తున్నాం.

చరిత్ర

విల్‌హెల్మ్ రాంట్‌జన్ 1895 నవంబర్ 8న ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. కొద్ది వారాలకే, 1896 జనవరిలో, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌కు చెందిన దంతవైద్యుడు ఒట్టో వాల్‌ఖోఫ్ తన పళ్లనే చిత్రించుకున్నాడు. అందుకు 25 నిమిషాల పాటు కిరణాల ముందు కదలకుండా ఉన్నాడు. నేడు అదే పనికి సెకనులో చిన్న భాగం చాలు. అమెరికాలో ఈ పద్ధతికి బాట వేసిన ఎడ్మండ్ కెల్స్ యంత్రాన్ని సరిచూసుకోవడానికి పదేపదే తన చేతినే కిరణాల ముందు పెట్టేవాడు. చివరకు క్యాన్సర్ వచ్చి వేళ్లు, ఆపై చేయి పోగొట్టుకుని 1928లో మరణించాడు. బోస్టన్ దంతవైద్యుడు విలియం రోలిన్స్ 1901లోనే ఈ కిరణాలు ప్రాణాంతకం కాగలవని గినీ పందులపై చేసిన ప్రయోగాలతో చూపించి, సీసపు కవచాలు వాడాలని చెప్పాడు. ఆ మాటను వైద్యలోకం పట్టించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

తర్వాతి మలుపులు వేగంగా వచ్చాయి. 1913లో కూలిడ్జ్ రూపొందించిన ఎక్స్‌రే గొట్టంతో కిరణాల మోతాదు అదుపులోకి వచ్చింది. 1925లో హోవార్డ్ రేపర్ పళ్ల సందులను చూపే బైట్‌వింగ్ పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1931లో బ్రాడ్‌బెంట్, హోఫ్రాత్ విడివిడిగా తలను పక్క నుంచి చూపే సెఫలోగ్రామ్‌ను రూపొందించారు. ఫిన్‌లాండ్‌లో యిర్యో పాటెరో చేసిన కృషి వల్ల 1960ల మొదట్లో పనోరమిక్ యంత్రం మార్కెట్లోకి వచ్చింది. 1987లో ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్సిస్ మూయెన్ ఫిల్ము అవసరం లేని ఆర్‌వీజీని తెచ్చాడు. 1990ల చివర ఇటలీ, జపాన్ దేశాల్లో సీబీసీటీ పుట్టింది.

చిత్రం ఏర్పడే తీరు

కిరణాలు ఎంత గట్టి పదార్థంలోంచి వెళ్తే అంతగా ఆగిపోతాయి. ఎనామిల్, లోహపు క్యాపు, సిమెంటు తెల్లగా పడతాయి. డెంటిన్, ఎముక బూడిద రంగులో వస్తాయి. పంటి లోపలి పల్ప్ గది, పిప్పి పట్టిన భాగం, చీము గూడు, గాలి నిండిన సైనస్ నల్లగా కనిపిస్తాయి. ఖనిజం తగ్గిన చోట నలుపు పెరుగుతుందన్నమాట. కానీ ఎముకలో ఖనిజం సుమారు 30 నుంచి 50 శాతం కరిగితే గానీ మామూలు ఎక్స్‌రేలో మార్పు కంటికి తెలియదు. నిన్న రాత్రి మొదలైన పంటిపోటుకు ఈరోజు తీసిన చిత్రంలో వేరు కొస దగ్గర ఏమీ లేకపోవచ్చు. అది జబ్బు లేదనడానికి రుజువు కాదు. చీము పట్టిన తర్వాత ఎముక మార్పు చిత్రంలోకి రావడానికి వారం పది రోజులు పట్టవచ్చు.

రెండో పరిమితి కొలతలది. మామూలు ఎక్స్‌రే మూడు కొలతల వస్తువును ఒక తలం మీదికి అణచి చూపుతుంది. చెంప వైపున్నదీ నాలుక వైపున్నదీ ఒకదానిపై ఒకటి పడతాయి. ఈ ఇబ్బందిని దాటడానికి ఎక్స్‌రే గొట్టాన్ని పక్కకు జరిపి రెండో చిత్రం తీస్తారు. గొట్టం జరిగిన వైపే వస్తువు జరిగినట్టు కనిపిస్తే అది లోపలి వైపు, అంటే నాలుక లేదా అంగిలి వైపు, ఉన్నట్టు. ఎదురు దిక్కుకు జరిగితే చెంప వైపు ఉన్నట్టు. పై కోరపన్ను ఎముకలో ఎటు పక్క దాగి ఉందో తెలుసుకోవడానికి ఈ పాత కిటుకు నేటికీ పనికొస్తుంది.

నోటి లోపలి చిత్రాలు

ఫిల్మును గానీ సెన్సర్‌ను గానీ నోట్లో పెట్టి తీసేవి ఇవి. పెద్దలకు సాధారణంగా వాడే ఫిల్ము కొలత 31 × 41 మిల్లీమీటర్లు. గొట్టం సుమారు 60 నుంచి 70 కిలోవోల్టుల మధ్య పనిచేస్తుంది.

పెరియాపికల్: పంటిని పైనుంచి వేరు కొస దాకా, దాని చుట్టూ కనీసం రెండు మిల్లీమీటర్ల ఎముకతో సహా చూపుతుంది. చీటీ మీద ఆర్‌వీజీ అని రాసినప్పుడు చాలాసార్లు ఉద్దేశం ఇదే. వేరు చికిత్స మొదలుకాక ముందు, మధ్యలో వేరు పొడవు సరిచూసుకోవడానికి, అయిపోయాక నింపిన పదార్థం కొస దాకా చేరిందో లేదో చూడటానికి ఇది తప్పనిసరి. సెన్సర్‌ను ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, హోల్డర్‌కు బిగించి, రోగి దాన్ని కొరికి పట్టుకుంటే సెన్సర్ పంటికి సమాంతరంగా నిలుస్తుంది. పంటి పొడవు సాగకుండా, కుదించుకుపోకుండా వస్తుంది. సెన్సర్ మందంగా, వంగకుండా ఉంటుంది కాబట్టి వెనక దవడ పళ్ల దగ్గర కొందరికి వాంతి వచ్చినట్టవుతుంది. అలాంటివారికి వంగే ఫాస్ఫర్ ప్లేటు మేలు.

బైట్‌వింగ్: పై పళ్లూ కింది పళ్లూ కరుచుకుని ఉండగా రెండు దవడల పళ్ల పైభాగాలను ఒకే చిత్రంలో చూపుతుంది. వేరు కొసలు ఇందులో పడవు. పళ్ల సందుల్లో మొదలయ్యే పిప్పిని, పళ్ల మధ్య ఎముక అంచు తగ్గుదలను పట్టడంలో దీన్ని మించింది లేదు. మన వైపు దీన్ని తీయాల్సినంతగా తీయడం లేదు. నొప్పి వచ్చాకే ఆసుపత్రికి వెళ్లే అలవాటున్న చోట, నొప్పి రాకముందే జబ్బును పట్టే చిత్రానికి పిలుపు తక్కువగా ఉండటం సహజమే గానీ, నష్టం రోగికే.

ఆక్లూజల్: పెద్ద ఫిల్మును పళ్ల మధ్య అడ్డంగా పెట్టి తీస్తారు. నాలుక కింద లాలాజల నాళంలో పేరుకున్న రాయి, అంగిలిలోని అదనపు పన్ను, కింది దవడ గడ్డ చెంప వైపుకో నాలుక వైపుకో ఉబ్బడం దీంట్లో బాగా తెలుస్తాయి.

పనోరమిక్ చిత్రం (ఓపీజీ)

గొట్టం, సెన్సర్ తల చుట్టూ తిరుగుతూ ఒక చెవి నుంచి మరో చెవి దాకా రెండు దవడలనూ ఒకే పొడవాటి చిత్రంగా పరుస్తాయి. అన్ని పళ్లు, జ్ఞానదంతాలు, కింది దవడ నాడి కాలువ, దవడ కీళ్లు, సైనస్ అడుగు భాగం ఒక్క చూపులో దొరుకుతాయి. నోట్లో ఏమీ పెట్టనక్కర లేదు కాబట్టి నోరు సరిగా తెరుచుకోని వారికీ వీలుగా ఉంటుంది.

దీని బలహీనత స్పష్టతలో ఉంది. యంత్రం దవడ ఆకారంలో ఉన్న ఒక సన్నని పట్టీని మాత్రమే తేటగా చూపుతుంది; ఆ పట్టీకి ముందూ వెనకా ఉన్నవి మసకబారతాయి. ముందు పళ్ల దగ్గర వెన్నెముక నీడ పడుతుంది. చిత్రం 20 నుంచి 30 శాతం దాకా పెద్దదై వస్తుంది కాబట్టి కొలతలు నేరుగా నమ్మకూడదు. పళ్ల సందుల్లోని తొలి పిప్పికి ఓపీజీ మీద ఆధారపడటం సరికాదు.

ఓపీజీ నాణ్యత యంత్రం మీద ఎంత ఆధారపడుతుందో రోగిని నిలబెట్టే తీరు మీదా అంతే ఆధారపడుతుంది. గడ్డం మరీ కిందికి దించితే పళ్ల వరస నవ్వు ముఖంలా వంగి, కింది ముందు పళ్ల వేర్లు మసకవుతాయి. నాలుకను అంగిలికి ఆనించకపోతే మధ్యలో మిగిలిన గాలి పై పళ్ల వేర్ల మీద నల్లటి పట్టీగా పడి, లేని జబ్బును ఉన్నట్టు చూపుతుంది. చెవి కమ్మ తీయడం మరిస్తే దాని నీడ ఎదుటి వైపు, కాస్త పైన, పెద్దదై మసకగా పడుతుంది. కమ్మలు, ముక్కుపుడక, మెడలోని గొలుసులు, కట్టుడు పళ్లు ముందే తీసి పక్కన పెట్టమనేది ఇందుకే.

సెఫలోగ్రామ్: తల పక్క నుంచి నిర్ణీత దూరంలో తీసే చిత్రం. క్లిప్పుల చికిత్సకు, దవడ ఎముక సవరణ శస్త్రచికిత్సకు కొలతలు ఇస్తుంది. జబ్బుల నిర్ధారణలో దీని పాత్ర తక్కువ.

సీబీసీటీ

శంకువు ఆకారపు కిరణపుంజం తల చుట్టూ ఒకసారి తిరుగుతూ వందలాది చిత్రాలు తీస్తుంది. కంప్యూటర్ వాటిని కలిపి మూడు కొలతల రూపాన్ని కడుతుంది. దాన్ని ఏ దిక్కున కావాలంటే ఆ దిక్కున పొరలుగా కోసి చూడవచ్చు. చిత్రంలోని ఒక్కో ఘనపు గడి 0.075 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఎంత మేర చిత్రించాలన్నది ముందే ఎంచుకోవాలి. రెండు మూడు పళ్ల సమస్యకు 5 × 5 సెంటీమీటర్ల చిన్న క్షేత్రం చాలు. అక్కడ తల మొత్తం తీయడం అనవసరం.

ఇది చూపలేనివి కూడా తెలిసి ఉండాలి. మెత్తని కణజాలాల మధ్య తేడా దీనిలో దాదాపు తెలియదు. లోహపు క్యాపులు, వేరులో నింపిన పదార్థం చుట్టూ తెల్ల నల్ల చారలు వస్తాయి; వేరు చికిత్స చేసిన పంటిలో నిలువు పగులును ఈ చారలే దాచేస్తాయి, ఒక్కోసారి లేని పగులును సృష్టిస్తాయి కూడా. క్యాపు కింది పిప్పి కోసం సీబీసీటీ తీయించడం వల్ల లాభం ఉండదు.

జబ్బును బట్టి ఎంపిక

పిప్పి పన్ను. సందుల్లో పిప్పికి బైట్‌వింగ్; లోతుగా వెళ్లి నొప్పి పెడుతుంటే పెరియాపికల్. పంటి నమిలే తలంలో తొలి దశ పిప్పిని ఎక్స్‌రే కంటే ఆరబెట్టిన పంటిని మంచి వెలుతురులో చూడటమే బాగా పడుతుంది.

ఈ ప్రాంతంలో తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ విషయం విడిగా గుర్తుంచుకోవాలి. సాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు రెండూ ఫ్లోరోసిస్‌కు పేరుపడ్డ నల్గొండ వైపు వెళ్లేవే. ఆ జిల్లా నుంచి వచ్చి ఎల్బీనగర్, చంపాపేట్ చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఫ్లోరోసిస్ వల్ల పళ్ల మీద వచ్చే గోధుమ మచ్చలు, గుంటలు కంటితో చూసి తేల్చేవి. వాటి కోసం ఎక్స్‌రే అక్కర్లేదు. ఎనామిల్ గుంటలు చిత్రంలో నల్ల చుక్కలుగా పడి పిప్పిలా కనిపించవచ్చు కాబట్టి, నోరు చూడకుండా చిత్రం ఒక్కటే చదివితే పొరబడే అవకాశం ఉంది.

వేరు కొస చీము, తిత్తి. మొదటి చిత్రం పెరియాపికల్. వేరు చుట్టూ ఉండే సన్నని తెల్ల గీత తెగిపోవడం, వేరుకూ ఎముకకూ మధ్య నల్ల సందు వెడల్పవడం తొలి గుర్తులు. కింది దవడ వెనక భాగంలో బయటి ఎముక పొర మందం. గూడు లోపలి మెత్తని ఎముకకే పరిమితమైతే చిత్రంలో బయటపడకపోవచ్చని బెండర్, సెల్ట్‌జర్ 1961లోనే నిరూపించారు. నొప్పి తగ్గక, పెరియాపికల్‌లో ఏమీ కనబడనప్పుడు, లేదా ఒకసారి వేరు చికిత్స జరిగి మళ్లీ తిరగబెట్టినప్పుడు చిన్న క్షేత్రపు సీబీసీటీకి అర్థం ఉంది. పై దవడ మొదటి పెద్ద పంటిలో తరచూ తప్పిపోయే నాలుగో వేరు కాలువ అలాగే దొరుకుతుంది. చీము గూడా, కణికా, తిత్తా అన్నది ఏ ఎక్స్‌రేతోనూ ఖాయంగా తేలదు. ముక్క పరీక్ష (బయాప్సీ) కావాలి.

చిగుళ్ల జబ్బు. పన్ను మెడ నుంచి ఎముక అంచు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉండటం మామూలు. అంతకంటే దిగితే ఎముక కరిగినట్టు. బైట్‌వింగ్, పెరియాపికల్ సరిపోతాయి. నోరంతా జబ్బు ఉన్నప్పుడు ఓపీజీతో మొదలుపెట్టి, అనుమానం ఉన్న పళ్లకు పెరియాపికల్ కలుపుతారు.

జ్ఞానదంతం. ఓపీజీ సహజమైన మొదటి ఎంపిక. కింది జ్ఞానదంతం వేరు నాడి కాలువను దాటే చోట వేరు నల్లబడటం, కాలువ తెల్ల గీత తెగిపోవడం, కాలువ దారి మళ్లడం అనే గుర్తులు కనిపిస్తే పన్ను తీసేటప్పుడు నాడికి దెబ్బ తగిలి పెదవి, గడ్డం తిమ్మిరెక్కే ప్రమాదం ఎక్కువ. అప్పుడే సీబీసీటీ అడగాలి. ఓపీజీలో వేరు, కాలువ దూరంగా ఉంటే అది అవసరం లేదు.

దవడ గడ్డలు. మొలవని పంటి పైభాగం చుట్టూ ఏర్పడే తిత్తి, దవడ పొడవునా పాకే కెరటోసిస్ట్, సబ్బు నురగలా గదులుగదులుగా కనిపించే అమెలోబ్లాస్టోమా చాలాసార్లు వేరే పని మీద తీసిన ఓపీజీలో అనుకోకుండా బయటపడతాయి. గడ్డ ఎంత దూరం వ్యాపించిందో, ఎముక పొరను చీల్చిందో లేదో తేల్చడానికి సీబీసీటీ లేదా సీటీ తీస్తారు. మెత్తని కణజాలంలోకి దాటిందన్న అనుమానం ఉంటే సీటీ, ఎంఆర్‌ఐ వైపు వెళ్లాలి.

గుట్కా, ఖైనీ అలవాటు, నోటి క్యాన్సర్. గుట్కా, వక్క వల్ల నోటి లోపలి పొర గట్టిపడి రెండు వేళ్లు కూడా పట్టనంతగా నోరు బిగుసుకుపోయిన వారికి సెన్సర్ పెట్టడం కుదరదు, ఓపీజీయే దారి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాల్సి ఉంది. నోట్లో రెండు మూడు వారాలైనా మానని పుండుకు ఎక్స్‌రే జవాబు కాదు. క్యాన్సర్ పొర మీద మొదలవుతుంది, ఎముక దాకా వచ్చాకే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఎక్స్‌రే బాగుంది కదా అని ముక్క పరీక్షను వాయిదా వేస్తే అమూల్యమైన కాలం పోతుంది. నిర్ధారణ అయ్యాక ఎముకలోకి, మెడ గ్రంథుల్లోకి వ్యాప్తిని సీటీ, ఎంఆర్‌ఐ చూపుతాయి. నగరంలో ప్రభుత్వ రంగంలో ఈ చికిత్సకు ప్రధాన కేంద్రం రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి.

బ్లాక్ ఫంగస్. 2021 మే నెలలో, కోవిడ్ రెండో దశలో, తెలంగాణ ప్రభుత్వం మ్యూకర్‌మైకోసిస్‌ను తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుగా ప్రకటించి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నోడల్ కేంద్రంగా చేసింది. ఈ జబ్బు కొందరిలో ముందుగా పళ్ల డాక్టరు కుర్చీలోనే బయటపడింది. మధుమేహం ఉండి, కోవిడ్ నుంచి కోలుకుంటున్న మనిషికి పై దవడలో ఆరోగ్యంగా ఉన్న పళ్లు ఒక్కసారిగా కదలడం, అంగిలి నల్లబడటం, చెంప మొద్దుబారడం దాని గుర్తులు. తొలి రోజుల్లో ఓపీజీ మామూలుగానే ఉండవచ్చు. పై దవడ సన్నని ఎముక పలకల మీద సైనస్, అంగిలి నీడలు ఒకదానిపై ఒకటి పడటమే అందుకు కారణం. సీబీసీటీ, సీటీలలో ఎముక తినేసిన జాడ ముందుగా తెలుస్తుంది. కంటి గూటిలోకి, మెదడు వైపు పాకిందా అన్నది మందు ఎక్కించి తీసే ఎంఆర్‌ఐ చెబుతుంది. ఫంగస్ ఉందని తేల్చేది మాత్రం ముక్క పరీక్షే.

దెబ్బలు. కింది దవడ విరిగితే ఓపీజీతో పాటు ముందు నుంచి తీసిన మరో చిత్రం కావాలి. ఒకే దిక్కు చిత్రంలో పగులు తప్పిపోవచ్చు. ముఖం మధ్య ఎముకలు విరిగితే నేరుగా సీటీ.

దవడ కీలు. ఎముక మార్పులకు సీబీసీటీ, కీలు మధ్య ఉండే మెత్తని పలక జారిందేమో చూడటానికి ఎంఆర్‌ఐ. నోరు తెరిచేటప్పుడు టిక్కుమనే శబ్దం ఒక్కటే ఉండి నొప్పి లేకపోతే చాలామందికి ఏ చిత్రమూ అవసరం లేదు.

కిరణ మోతాదు, రక్షణ

నోటి లోపలి ఒక డిజిటల్ చిత్రం మోతాదు 1 నుంచి 8 మైక్రోసీవర్ట్‌ల మధ్య, ఓపీజీది సుమారు 4 నుంచి 30 దాకా ఉంటుంది. చిన్న క్షేత్రపు సీబీసీటీ కొన్ని పదులతో మొదలై, పెద్ద క్షేత్రానికి, యంత్రాన్ని బట్టి, వెయ్యి దాకా కూడా పోవచ్చు. భూమి, ఆకాశం, గాలి నుంచి ప్రపంచ సగటు మనిషికి ఏటా సహజంగా అందేది దాదాపు 2,400 మైక్రోసీవర్ట్‌లు. అంటే ఒక ఆర్‌వీజీ దాదాపు ఒక రోజు సహజ మోతాదుతో సమానం. భయపడాల్సిన పని లేదు. అలాగని అవసరం లేకుండా తీయించుకోవడానికి అది కారణం కాదు. పిల్లల కణాలకు కిరణాల తాకిడి ఎక్కువ, ముందున్న ఆయుష్షూ ఎక్కువ. అందుకని వారికి చిన్న ఫిల్ము, తక్కువ మోతాదు, కచ్చితమైన కారణం ఉండాలి. గర్భిణికి చీము పట్టిన పన్ను ఉంటే అవసరమైన ఒక చిత్రం తీయవచ్చు. చికిత్స ఆపడమే తల్లికీ బిడ్డకూ ఎక్కువ ప్రమాదం.

సీసపు ఏప్రాన్ విషయంలో అభిప్రాయాలు మారుతున్నాయి. ఆధునిక యంత్రాల్లో కిరణపుంజాన్ని సరిగ్గా ఇరుకు చేస్తే ఏప్రాన్, మెడపట్టీ అవసరం లేదని అమెరికా దంతవైద్య సంఘం 2024లో సూచించింది. మన క్లినిక్‌ల్లో చాలాచోట్ల ఇంకా వాడుతున్నారు. అందులో తప్పు లేదు గానీ, ఓపీజీలో మెడపట్టీ చిత్రానికే అడ్డొస్తుంది.

భారతదేశంలో ఎక్స్‌రే యంత్రాలపై అధికారం 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది. 2004 నాటి నిబంధనల ప్రకారం యంత్రం ఆమోదం పొందిన నమూనా అయి ఉండాలి, క్లినిక్ మండలి వద్ద నమోదు కావాలి.

చంపాపేట్ పరిసరాల్లో

ఆర్‌వీజీ నేడు వీధి క్లినిక్‌ల్లోనే ఉంటుంది. ఓపీజీ, సీబీసీటీలకు చీటీ రాసి స్కాన్ సెంటర్‌కు పంపడం సాధారణం. దిల్‌సుఖ్‌నగర్ కమలానగర్‌లోని పాణినీయ మహావిద్యాలయ దంత వైద్య కళాశాల, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రిని ఆనుకున్న ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఈ వైపు ప్రజలకు దగ్గరగా ఉన్న బోధనాసుపత్రులు. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో ఎంజీబీఎస్ దిగితే అఫ్జల్‌గంజ్ దగ్గరే. దంత కళాశాలల్లో ఓరల్ మెడిసిన్, రేడియాలజీ అని విడి విభాగం ఉంటుంది. నోటి పరీక్ష, చిత్రం ఎంపిక, దాన్ని చదవడం మూడూ ఒకేచోట జరుగుతాయి.

స్కాన్ సెంటర్‌కు పంపే చీటీ మీద పద్ధతి పేరు ఒక్కటే రాయడం చాలదు. ఏ పన్ను, ఏ అనుమానం, ఎంత క్షేత్రం అన్నవి రాస్తేనే అక్కడివారు సరైన కొలత ఎంచుకోగలరు. సీబీసీటీలో అడిగిన పంటితో పాటు సైనస్, కీలు, మెడ భాగాలు కూడా పడితే వాటన్నిటినీ చదివి నివేదిక రాయాల్సిందే. రోగికి ఇచ్చే అచ్చు కాగితం మీద ఎంపిక చేసిన కొన్ని పొరలే ఉంటాయి. మొత్తం సమాచారం డిస్కులోనో ఫైల్‌గానో అడిగి తీసుకుంటే మరో వైద్యుడు మళ్లీ స్కాన్ తీయించకుండా అదే చదువుకోగలడు. పాత చిత్రాలనూ దాచుకోవాలి: వేరు చికిత్స తర్వాత ఎముక నిండుతోందో లేదో ఆరు నెలలకు, ఏడాదికి తీసే చిత్రాన్ని పాతదాని పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.